నలుపొక్కటే తెలిసిన యంత్రంలో ఎర్ర మచ్చ

మీ ఇంట్లో ప్రింటర్ ఆగిపోయినప్పుడు మీరు మొదట తెరిచింది దాని మూతనా, మీ నోటినా?

తొందరపడి జవాబు చెప్పకండి. నేను అనంతపురంలో ఉంటూ ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లా ఇళ్లలో ప్రింటర్లు బాగు చేశాను. ఫోన్ ఎత్తగానే నాకు మొదట వినిపించేది జబ్బు కాదు, ముద్దాయి పేరు. "మా చిన్నోడు ఏదో నొక్కినాడు సార్." "ఇంకు పోసినోడు మోసం చేసినాడు." "అమావాస్య నాడు కొన్యాము, అందుకే ఇట్లయింది." తీర్పు ముందు వస్తుంది, విచారణ తరువాత. కొన్ని ఇళ్లలో విచారణ అసలే ఉండదు.

కంబదూరులో నాగరత్న అనే అమ్మాయి విషయంలో అలాగే జరగబోయింది. ఆమె ఇంట్లో ఉన్నది నలుపు తప్ప మరో రంగు వేయలేని ప్రింటర్. అది కాగితాల మీద ఎర్ర మచ్చలు వేసింది. ఆమె మొగుడు పోయిన మనిషి కాబట్టి, ఆమె చెయ్యి తగిలి యంత్రం అలా అయిందని చుట్టుపక్కల వాళ్లు తేల్చేశారు. ఆ యంత్రమే ఆమెకూ ఆమె కూతురికీ తిండి. దాన్ని ఇంట్లోంచి తీసుకుపోవడానికి ఆటో కూడా వచ్చింది.

ఆ సంగతి చెప్పడానికే రాస్తున్నాను. కానీ ముందు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు పని అంటే ఏమిటో చెప్పాలి. లేకపోతే ఆ రోజు నేను చేసింది గారడీలా కనిపిస్తుంది. గారడీ అంటే నాకు పడదు.

ఎవరిని అనుమానించాలి

నేను చదువుకునే రోజుల్లో మా ఊళ్లో హేతువాదుల చర్చలు జరిగేవి. ఒక గదిలో చాపలు పరిచి, దేవుడున్నాడని ఒకరు, లేడని ఒకరు, టీ చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్లు. వాదనలన్నీ మర్చిపోయాను. ఒక్క ప్రశ్న మిగిలింది: నీకెలా తెలుసు? ఈ ప్రశ్న వల్ల చుట్టాల పెళ్లిళ్లలో నాకు మర్యాద తగ్గింది. పనిలో మాత్రం అదే నాకు అన్నం పెట్టింది.

మొదట వాడుకునేవాణ్ణి అనుమానించండి. వాడు చెడ్డవాడని కాదు. తాను చేసింది తనకు కనిపించదు కాబట్టి. రాయదుర్గంలో ఒక కిరాణా అంగడాయన ఇంట్లో కాగితం ప్రతిసారీ సగంలో ఇరుక్కునేది. "ఎవురూ ఏం చేయలేదప్పా, ఊరికే అట్ల పట్టుకుంటాది" అని ఆయన ప్రమాణం చేసినంత పని చేశాడు. మిషన్ తిరగేసి దులిపితే ఒక శెనగబుడ్డ రాలింది. గుల్లతో సహా. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా శేనుది కాదు" అన్నాడు. అదీ మనిషి. సాక్ష్యం చేతిలో ఉన్నా ముందు దాని ఊరు అడుగుతాడు.

తరువాత యంత్రం చెప్పే మాటను అనుమానించండి. తెర మీద 'ఆఫ్‌లైన్' అని వస్తే ప్రింటర్ చచ్చిందని అర్థం కాదు. చాలాసార్లు ఇంట్లో వైఫై పెట్టె ఆగి మళ్లీ వెలిగి ఉంటుంది, ప్రింటర్ దాన్ని మళ్లీ పట్టుకోలేక ఉంటుంది. రెండూ ఆపి, ముందు వైఫై, తరువాత ప్రింటర్ వెలిగిస్తే సగం ఇళ్లలో జబ్బు పోతుంది. అప్పటికీ పోకపోతే కంప్యూటర్‌లో ఎప్పుడో మొరాయించిన పాత కాగితం ఒకటి వరుసలో అడ్డంగా కూర్చుని ఉందేమో చూడండి. దాన్ని తీసేస్తే వెనకవన్నీ కదులుతాయి.

ఆ తరువాత మన గాలిని అనుమానించండి. పుస్తకాల్లో రాసిన ప్రింటర్ కోస్తాలోనో విదేశంలోనో బతికే ప్రింటర్. మన దగ్గర ఎండాకాలంలో కాగితాలు అప్పడాల్లా ఎండి, ఒకదానికొకటి అతుక్కుని రెండేసి పోతాయి. కట్టను విసనకర్రలా విదిలించి పెట్టమని చెప్పండి, చాలు. ఇంకు ప్రింటర్ కొని నెలకొక్కసారి వాడితే సన్నటి రంధ్రాలు ఎండిపోతాయి. వారానికొకసారి రంగుల్లో ఒక కాగితం తీయమనండి. ఆషాఢం గాలికి కిటికీ పక్కన పెట్టిన ప్రింటర్ లోపల చేను దుమ్మంతా ఉంటుంది. పక్కింటి బోరు మోటారు వేసినప్పుడల్లా ప్రింటర్ ఆగి మళ్లీ మొదలైతే, ప్రింటర్‌ను విప్పకండి, కరెంటును చూడండి.

చివరగా మనల్ని, మనం పనిచేసే కంపెనీల్ని అనుమానించండి. నేను తరువాతి రోజుల్లో పనిచేసిన ఒక చోట మేనేజరు మాకు నేర్పిన మొదటి వాక్యం, "బోర్డు పోయిందని చెప్పండి." కాగితం ఇరుక్కున్నా బోర్డే. తీగ ఊడినా బోర్డే. భయపడ్డవాడు బేరం చేయడని ఆయన సిద్ధాంతం. అంజనం వేసేవాడికీ ఆయనకూ తేడా నాకు కనిపించలేదు. ఒకడు దేవత అడుగుతోందంటాడు, ఒకడు బోర్డు అడుగుతోందంటాడు. రెండూ మనం చూడలేని చోటే ఉంటాయి.

ఖాదర్ సార్ సైకిల్

నాకు పని నేర్పిన మొదటి యజమాని ఖాదర్ సార్. టైపు మిషన్ల కాలం నుంచి వచ్చిన మనిషి. చూడకముందే మిషన్ ఎందుకు చెడిందో నేను చెప్పబోతే, "నోరు తెరిచే ముందు మూత తెరువప్పా" అనేవాడు. కోపంగా కాదు, నమాజుకు టైమైందని చెప్పినట్టు మామూలుగా.

ఆయన కాగితాన్ని రెండు వైపులా చూసేవాడు. వాసన చూసేవాడు. మచ్చ ఉంటే, అది మళ్లీ ఎంత దూరంలో పడిందో కాగితం ముక్కతో కొలిచేవాడు. ఎందుకని అడిగితే నన్ను వీధిలోకి తీసుకుపోయి తన సైకిల్ చక్రాన్ని పేడలో తొక్కించి నడిపించాడు. రోడ్డు మీద చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక మచ్చ పడింది.

"ఆ మచ్చకూ ఈ మచ్చకూ నడుమ ఎంత దూరముంటే చక్రం చుట్టు అంతే. లోపల చక్రాలు శానా ఉంటాయి. ఏ చక్రం చుట్టు ఆ దూరానికి సరిపోతాదో దొంగ అదే," అన్నాడు.

ప్రింటర్ లోపల కాగితాన్ని లాగే, నొక్కే, వేడి చేసే రోలర్లు ఒక్కొక్కటి ఒక్కో లావు. మచ్చ కాగితం రాత వైపు ఉంటే పైనున్న రోలర్, వెనక వైపు ఉంటే కిందనున్న రోలర్. ఇంతే విద్య. దీనికి పంచాంగం అక్కర్లేదు.

ఆయన చెప్పిన ఇంకో మాట నన్ను చాలాసార్లు కాపాడింది. "అనుమానం కడుపులో పెట్టుకో. పరీక్ష బయట పెట్టు." అనుమానాన్ని బయట పెట్టి పరీక్షను మర్చిపోయేవాడు మెకానిక్ కాడు, ఊరి పెద్దమనిషి.

కంబదూరు

నేను పని మానే ముందు ఏడాది, దసరా వెళ్లి కొన్ని వారాలైంది. ఆ ఏడు వేరుశెనగ చెట్లు ఊడలు దిగకముందే ఎండిపోయాయి. రైతులందరూ పంట నష్టం దరఖాస్తుల వెంట తిరుగుతున్నారు. అలాంటి రోజుల్లో నాగరత్న ఫోన్ చేసింది.

"అన్నా, మీరు నవ్వద్దండి. మా నల్ల ప్రింటర్ ఎర్రగా వేస్తాంది."

నేను నవ్వలేదు. కళ్యాణదుర్గం మీదుగా బస్సెక్కి కంబదూరులో దిగాను.

ఆ అమ్మాయి ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు పెట్టుకుని దరఖాస్తులు, భూమి కాగితాల నకళ్లు, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు తీసి ఇచ్చేది. మొగుడు పోయిన తరువాత అత్తమామల దగ్గరే ఉంటూ పెట్టుకున్న పని. వాన పోయిన ఏడాది ఆమెకు పని ఎక్కువ. ఆ మాటనే ఊరు తిరగేసి, ఆమె మిషన్ తెచ్చినప్పటి నుంచి వాన పోయిందని చెప్పుకుంది. ఈ జిల్లాకు ప్రింటర్లు రాకముందు నుంచే వానలు రావడం లేదని ఎవరూ గుర్తు చేసుకోలేదు.

వాకిట్లో సామాన్ల ఆటో ఒకటి ఆగి ఉంది. దాని పక్కన నిలబడిన మనిషి నన్ను ఆపాడు. నాగరత్నకు బావ, చనిపోయినవాడి అన్న, ఓబులేసు. బస్సులు ఆగే చోట విత్తనాల, పురుగుమందుల అంగడి ఉంది ఆయనకు.

"ఎవరప్పా నువ్వు?"

"ప్రింటర్ రిపేరీకి వచ్చినా."

"రిపేరీతో పోయే జబ్బు కాదులే అది. మిషన్ మా అంగడికి పోతాంది. మొగోళ్లు వాడుకుంటే సరిపోతాదని అంజనమాయన చెప్పినాడు."

"పోయేదే గదా. పోయే ముందు ఒకసారి చూస్తా. బస్సులో అంత దూరం నిలబడి వచ్చినా."

ఆయన కుడి చేతి వేళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి. నేను వేళ్లను చూశాను. ఆయన నేను చూడటాన్ని చూసి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. మిషన్ ఎవరికి కావాలి? ఈయనకు. ఎరుపు ఎవరి వేళ్లకుంది? ఈయనకే. కథ అంతా నా కడుపులో తయారైపోయింది. ఖాదర్ సార్ మాట గుర్తొచ్చి దాన్ని అక్కడే ఉంచాను.

లోపల ప్రింటర్‌కు నల్ల దారంతో నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. గుమ్మఘట్ట వైపు నుంచి వచ్చిన అంజనం మనిషి కట్టిపోయాడట. మూత మీద విభూతి. గడప దగ్గర ఆమె అత్త తిప్పక్క చేటలో ఏవో గింజలు ఏరుతోంది, ఏరినవే మళ్లీ ఏరుతోంది. అరుగు మీద హనుమంతప్ప అనే రైతు దరఖాస్తు కోసం కూర్చుని ఉన్నాడు. లోపలికి మాత్రం రాలేదు.

"ఏమప్పా హనుమంతప్పా, లోపలికి రా," అంది తిప్పక్క.

"ఈడే బాగుండాది లేక్కా. గాలి వస్తాంది."

గాలి ఎక్కడా లేదు.

నాగరత్న గోడకు ఆనుకుని నిలబడి జవాబులు చెప్పింది.

"ఎప్పుడు మొదలైందమ్మా?"

"దసరా అయినాక. ఒక పిల్ల స్కాలర్‌షిప్ కాగితం మీద ముందు పడింది. వాళ్ల నాయన తెచ్చి నా మొగాన కొట్టి పోయినాడు. అదేం రక్తమే అన్నాడు."

"ఇంకెవరు ముడతారు మిషన్‌ను?"

"ఎవురూ ముట్టరు. నేనే. అందుకే నా చెయ్యి అంటాండారు. నాక్కూడా అట్లే అనిపిస్తాంది అన్నా. ఇంత మంది చెప్తే ఒకరన్నా నిజం చెప్పింటారు గదా."

ఆ మాట నాకు ఓబులేసు ఆటో కంటే ఎక్కువ కోపం తెప్పించింది. నేరం చేయనివాళ్ల నోట నేరం ఒప్పించడం ఈ దేశంలో అన్నిటికంటే పాత యంత్రం. దానికి రిపేరీ అక్కర్లేదు, ఎప్పుడూ ఆగదు.

నిమ్మకాయ

ఒక కాగితం వేయమన్నాను. రాత వైపు ఎరుపు లేదు, అంతా నల్లగానే వచ్చింది. కాగితం తిప్పి చూశాను. మచ్చలు వెనక ఉన్నాయి. మసక ఎరుపు, నూనె మరకలా చుట్టూ తడి.

"అమ్మా, ఇది రాసిన వైపు లేదు. వెనక ఉంది. ఇన్నాళ్లూ ఎవరైనా చెప్పినారా?"

"మచ్చ చూస్తానే పారేసినారు అన్నా. తిప్పి ఎవరు చూస్తారు."

వెనక మచ్చ ఉన్నచోటికి సరిగ్గా ఎదురుగా, ముందు వైపు అక్షరాలు కొంచెం వెలిసినట్టున్నాయి. కాగితం ముక్క చింపి మచ్చల మధ్య దూరం గుర్తు పెట్టాను. మొదటి మచ్చకూ రెండోదానికీ ఎంతో, రెండోదానికీ మూడోదానికీ అంతే. దేవత కోపమైతే ఇంత కొలతగా ఉండదు. వెనక మచ్చ, సమానమైన దూరం, వెలిసిన రాత: మూడూ ఒకే చోటికి దారి చూపిస్తున్నాయి. నల్ల పొడి ఉండే టోనరు డబ్బా కింద, కాగితాన్ని వెనక నుంచి నొక్కే నల్లటి స్పాంజి రోలర్.

అది చెప్పకుండా మూత తెరిచాను. టోనరు బయటికి తీశాను. ఆ స్పాంజి రోలర్‌కు, దాని పక్కన చిన్న చక్రాలకు ఎర్రటి జిడ్డు పట్టి ఉంది. కాగితం ముక్కను రోలర్ చుట్టూ చుట్టాను. నా గుర్తు దగ్గర సరిగ్గా కలిసింది.

ఓబులేసు గడప దాటి లోపలికి వంగాడు. "చూసినావా. లోపల గూడా ఎరుపే. ఇంగేం చెప్తావు?"

"ఈ నిమ్మకాయ ఎవరు కట్టినారన్నావు?"

"అంజనమాయన."

"మంచి పని చేసినాడు. అమ్మా, కత్తి తీసుకురా."

తిప్పక్క చేట పక్కన పెట్టి లేచింది. "కోయద్దప్పా, అది దిష్టికాయ."

"కట్టినందుకు పని చేయాలి గదక్కా. చేయనీ."

నిమ్మకాయ కోసి, మచ్చ మీద నాలుగు చుక్కలు పిండి వేలితో రుద్దాను. ఎరుపు కదిలింది. చూస్తుండగానే అంచుల నుంచి పసుపురంగుకు తిరిగింది. హనుమంతప్ప అరుగు మీది గాలిని వదిలేసి లోపలికొచ్చి నా భుజం మీదుగా చూశాడు.

"పసుపయ్యిందే."

"రక్తమైతే ఇట్ల కాదు," అన్నాను. "పసుపులో సున్నం కలిపితే ఎరుపవుతాది. పులుపు తగిలితే మళ్లీ పసుపవుతాది. ఇంట్లో కొట్టుకున్న కుంకుమ ఇది. నిమ్మకాయ కోసి రక్తం చూపించేవాళ్లదీ ఇట్లాంటి విద్యే, వాళ్లు పులుపుకు ఎర్రబడే మందారపూల రసం ముందుగా కత్తికి రాసిపెట్టుకుంటారు."

ఒక పరీక్ష ఇంకా మిగిలింది. అది నా కోసం.

"ఓబులేసప్పా, నీ వేలొకసారి ఈ కాగితం మీద ఒత్తు."

"ఎందుకప్పా? ఏం రాపించుకుంటావు?"

"ఏమీ లేదు. ఖాళీ కాగితమే."

ఖాళీ కాగితం మీద వేలిముద్ర అడిగితే మన ఊళ్లల్లో ఎవరైనా భయపడతారు, అది మంచి భయం. ఆయన కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసుకుని, అప్పుడు వేలు ఒత్తాడు. ముద్ర మీద నిమ్మరసం పిండాను. ఎరుపు ఎరుపుగానే ఉంది. అది అంగట్లో రబ్బరు ముద్ర వేసే ప్యాడు సిరా. ఆ క్షణంలో ఆయన నిర్దోషి అయ్యాడు. తాను ముద్దాయిగా ఉన్నట్టు ఆయనకు తెలియను కూడా తెలియదు. నేను వాకిట్లోనే నోరు తెరిచి ఉంటే, ఆ ఇంట్లో అంజనం మనిషికీ నాకూ తేడా ఉండేది కాదు.

అయితే కుంకుమ లోపలికి ఎలా వచ్చింది? అది నేను అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. తిప్పక్క పసుపైన కాగితాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది.

"నేనేనప్పా," అంది.

కాగితాన్ని కింద పెట్టకుండానే చెప్పుకొచ్చింది.

"ఆయుధ పూజ నాడు చుట్టాలొచ్చినారు. మొగుడు లేనిది తెచ్చిన మిషన్‌కు బొట్టేంది అన్నారు. కుట్టు మిషన్‌కు పెట్టినారు, బైకుకు పెట్టినారు, మా ఆయన గొడ్డలికి గూడా పెట్టినారు. దీనికి పెట్టనీలేదు. ఈ పిల్ల మొగం దించుకోని ఆ మూల కూచుండె. నాకు బాధయ్యింది. అందరూ తినేదానికి కూచున్నాక వచ్చి పెట్టినా. పైన పెడితే కనపడతాదని లోపల పెట్టినా."

"లోపల ఎట్ల పెట్టినావు అత్తా?" నాగరత్న గొంతు నాకు మొదటిసారి గట్టిగా వినిపించింది.

"నువ్వు ఆ డబ్బా తీసి ఊపి మళ్లీ పెడతాంటావు గదా, దినామూ చూస్తాండా. బండికి చక్రాలకు పెడతాం. దీని చక్రాలు లోపల ఉండాయి. అంటుకోవాల్నని నూనెలో కలిపి, చక్రం చక్రానికీ పెట్టినా. నీ పని బాగా నడవాలని."

స్పాంజి నూనెను తాగింది. తాగిన దాన్ని వారాల తరబడి కాగితాలకు కొంచెం కొంచెంగా అప్పజెప్పింది. ఆ అమ్మాయి కీడు కోరి కాదు, మేలు కోరి పెట్టిన బొట్టు అది. ఆ ఊరంతట్లో ఆమె మిషన్‌కు దాన్ని పెట్టింది ఆ ముసలామె ఒక్కతే. ఎర్ర మచ్చను చూసి అందరికంటే ఎక్కువ భయపడిందీ ఆమే.

ఒక్క విషయం ఆలోచించండి. పెళ్లి శుభలేఖ నాలుగు మూలలా మనమే పసుపు కుంకుమ రాస్తాం. రాయకపోతే తప్పు పడతాం. అదే కుంకుమ ఒక విధవ ఇంటి కాగితం మీద కనిపిస్తే రక్తమైంది. కుంకుమ మారలేదు. కాగితం మారలేదు. చూసే కన్ను ఎవరి ఇంటి మీద పడిందన్నదే మారింది.

సాకు

నా సంచిలో పాత మిషన్ నుంచి విప్పిన స్పాంజి రోలర్ ఒకటి ఉంది. నూనె తాగిన స్పాంజిని కడిగి వాడకూడదు, మార్చాలి. మార్చాను. చిన్న చక్రాలు పొడిగుడ్డతో తుడిచాను. మూత వేసి ఒక కాగితం తీశాం. నాగరత్న దాన్ని ముందు చూడలేదు. తిప్పి వెనక చూసింది. తెల్లగా ఉంది.

ఇక్కడితో ముగిసిందని మీరనుకుంటే మీరు ఈ వృత్తికి పనికిరారు. నేను ఓబులేసునే చూస్తున్నాను.

"సరేలే, మచ్చ పోయింది, మంచిదే," అన్నాడు ఆయన. "అయినా మిషన్ అంగట్లో ఉంటేనే బాగుంటాది. ఇంటికి మొగోళ్లు వచ్చి పోతాంటే నలుగురు నాలుగంటారు."

కారణం పోయింది, కోరిక పోలేదు. అలాంటప్పుడు ముందు చెప్పింది కారణం కాదు, సాకు. మచ్చను ఈయన పెట్టలేదు, నిజమే. నా పరీక్షే ఆ మాట చెప్పింది. కానీ మచ్చను వాడుకున్నాడు. మూఢనమ్మకాల గురించి నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఇదే: భయాన్ని పుట్టించేవాళ్లు తక్కువ. పుట్టిన భయాన్ని ఆటోలో ఎక్కించుకుపోయేవాళ్లు ఎక్కువ. మొదటివాళ్లకు చదువు చెప్పొచ్చు. రెండోవాళ్లకు చదువు ఎప్పుడూ ఉంటుంది.

నేను ఏదో అనబోయాను. నాగరత్న నా వైపు చూడలేదు. బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బావా, నాలుగంటారు అన్నావే, ఆ నలుగురు ఎవరు?"

"ఎవరంటే... ఊళ్లో వాళ్లు."

"పేర్లు చెప్పు. వాళ్ల కాగితాలు ఈడే ఉండాయి. వాళ్లే నా దగ్గర తీపిచ్చుకోని పోయినారు. నీ అంగడి లైసెన్సు కాగితం గూడా నేనే తీసిచ్చినా. ఆ దినం నేను విధవ కాదా?"

ఓబులేసు జవాబు కోసం తల్లి వైపు చూశాడు. తిప్పక్క చేట ఎత్తుకుని గడప దాటింది. ఆటో దగ్గరికి పోయి, డ్రైవరుతో చాలా మామూలుగా అంది:

"నువ్వు పో నాయనా. ఈడ ఎక్కించేదేం లేదు."

డ్రైవరు ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసు తన ఎర్ర వేళ్ల వైపు చూసుకున్నాడు. తరువాత తానే ఆటోలో ఎక్కి, అంగడి దాకా అందులోనే పోయాడు. అతను మారాడని నేను చెప్పను. నేను చూసింది ఆటో ప్రింటర్ లేకుండా పోవడం మాత్రమే.

"ఇంగ నా దరఖాస్తు తీస్తావామ్మా," అన్నాడు హనుమంతప్ప, అప్పటికే లోపల బల్ల మీద మోచెయ్యి ఆనించి. "ఆ గాలికి ఈడికొచ్చినా."

"ఏ గాలి మామా?" అంది నాగరత్న.

ఆ రోజు ఆమె మొదటిసారి నవ్వింది. నిమ్మకాయ మిగిలిన సగాన్ని తిప్పక్క వంటింట్లోకి తీసుకుపోయింది. నేను బస్సుకు పోయేలోపు అది నా గ్లాసులోకి వచ్చింది, కొంచెం ఉప్పు, కొంచెం చక్కెరతో. దిష్టికాయతో చేసిన షర్బత్ తాగి బతికి బయటపడ్డవాణ్ణి నేను.

మీ చేతిలో పని

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఇది. ఇళ్లలోకి పోతారు. ప్రింటర్ ఒక్కటే విప్పి రావచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ ఇంట్లో ఎవరు గోడకు ఆనుకుని నిలబడ్డారో, ఎవరి వేలు ఎవరి వైపు చూపిస్తోందో కూడా మీకు కనిపిస్తుంది. మీ చేతిలో ఒక కొలిచే కాగితం ముక్క ఉంది. దాన్ని యంత్రానికి మాత్రమే వాడి ఊరుకోకండి. అలాగని కొలవకుండా ఎవరినీ దొంగ అనకండి, మీకు నచ్చనివాణ్ణి అసలే అనకండి.

మెకానిక్‌లు కానివాళ్లు కూడా ఇది చదువుతున్నారని నాకు తెలుసు. మీకు వేరే పని ఉంది. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇప్పుడే ఒక మనిషి మీద ఒక మచ్చ వేసి ఉంటారు. ఆమె కాలు పెట్టినాక బోరు ఎండిందని, ఆమె చెయ్యి పడి అంగడి నడవడం లేదని. ఎవరి గురించో మీకు పేరుతో సహా తెలుసు. ఈ కాగితం పక్కన పెట్టి ఆ ఇంటికి పొండి. తీర్పు చెప్పినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, మచ్చ ఏదో చూపించమనండి. దాన్ని తిప్పి వెనక చూడండి. మూత తెరవమనండి. తెరవనంటే, వాడి ఆటోను వాకిట్లోంచే వెనక్కి పంపండి.